ముప్పై నిమిషాల అన్నం

బందరులో అన్నమ్మ ఉండే పేటకి ఆటోలు సగం దాకానే వస్తాయి. ఆ పైన సందు. సందు చివర చర్చి, చర్చి వెనక రేకుల వంటసాల. పొద్దున పదిన్నరకి ఆ రేకుల మీద పొగ లేచిందంటే, పేటలో వాళ్ళు టైమెంతని ఒకరినొకరు అడగవలసిన పని ఉండేది కాదు.

ఆ పొయ్యి మీద ఉడికే అన్నం ఏ ఒక్క ఇంటిదీ కాదు. అక్కడి ఆడవాళ్ళకి గుప్పెడు బియ్యం తీసిపెట్టే అలవాటు ఉంది. పూట పూటకీ వండుకోవడానికి బియ్యం కొలుచుకున్నాక, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి, కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకుని, గోడ మేకుకి వేలాడే గుడ్డ సంచిలో వేస్తారు. ఆదివారం ఆ సంచి తెచ్చి చర్చిలో వెదురు గంపలోకి వంపుతారు. ఆ బియ్యంతో, ఎవరూ వండిపెట్టే దిక్కులేని నలుగురికి మధ్యాహ్నం అన్నం వండేది అన్నమ్మ. ఐదో విస్తరి ఆమెదే.

చెప్పినంత తేలిక కాదు ఆ వంట. నలభై ఇళ్ళ బియ్యం నలభై రకాలు. ఒకరిది సన్నం, ఒకరిది రేషన్ దొడ్డు బియ్యం, ఒకరిది నిన్న మొన్న మర పట్టించిన కొత్త బియ్యం. అన్నీ కలిపి ఎసట్లో పోస్తే ఒకటి జావైపోతుంది, ఇంకొకటి పలుకుగా ఉండిపోతుంది. అన్నమ్మ జల్లెడ పట్టి దొడ్డువి వేరుచేసి ముందు నానబెట్టేది. సన్నవి ఆఖరున, ఎసరు తెర్లుతుండగా వేసేది. ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వండిన చెయ్యి అది. ఆమె వార్చిన అన్నం చూస్తే అన్నీ ఒకే చేలో పండిన గింజలనుకోవాలి.

ఆమె పుట్టింది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లెలో. ఉప్పెన వచ్చిన ఏడు ఆమెకి ఎనిమిదేళ్ళు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో లారీలో వచ్చిన గుప్పెళ్ళ బియ్యమే ఆ నెలంతా తిన్నామని వాళ్ళమ్మ చెబుతుండేది. పెళ్ళయ్యి బందరు వచ్చింది. భర్త చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి పూత పెట్టేవాడు. ఆ ఆవిర్లకే ఊపిరితిత్తులు పాడై నలభై నాలుగేళ్ళకి పోయాడు. పిల్లలు లేరు. హాస్టలు మూతపడ్డాక ఊరికే కూర్చోలేక, చర్చి వెనక పొయ్యి దగ్గరికి వచ్చి చేరింది. తొమ్మిదేళ్ళయింది. జీతం ఇస్తామని పాస్టరు సత్యానందం అయ్యగారు రెండుసార్లు అన్నారు. "అన్నం తింటున్నాను కదండీ" అని ఊరుకుంది.

తినే నలుగురిలో అబ్బులూ, చూపు లేని అతని భార్యా ఒక జంట. భార్యకి ముద్ద కలిపి చేతిలో పెట్టి, ఆమె తిన్నాక గానీ తను తినడు అబ్బులు. మూడోది కనకమహాలక్ష్మి. ఆవిడ చర్చి మనిషి కాదు. కోనేరు సెంటర్లో పూలమ్మి, కాళ్ళు వాచి కూర్చోలేని స్థితికొచ్చాక, ఒకరోజు పళ్ళెం పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "మా దేవుడు వేరమ్మా. పెడతావా?" అంది. "ఆకలి ఒకటే కదండీ, కూర్చోండి," అంది అన్నమ్మ. ఆ రోజు నుంచీ ఆ చోటు ఆవిడదే, ఇంకెవరూ అందులో కూర్చోలేదు.

నాలుగోవాడు దానియేలు. ముప్పై ఏళ్ళు రిక్షా తొక్కాడు. పేటలో ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న సగం మంది అతని రిక్షాలో బడికి వెళ్ళినవాళ్ళే. షుగరు జబ్బు ముదిరి ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు. సందులో, చర్చికి కాస్త ఇవతల ఒంటిగది. రోజుకి నమ్మకంగా తినే పూట అన్నమ్మ పెట్టే మధ్యాహ్నం పూట ఒక్కటే కాబట్టి, డాక్టరు ఇన్సులిన్ సూది ఆ పూటకి ముందే పెట్టారు. అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. మందు సీసా చల్లగా ఉండాలని నీళ్ళ కుండ పక్కన తడి గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. సూది వెయ్యడం నేర్పిన నర్సమ్మ మరీ మరీ చెప్పింది: "అన్నం సిద్ధంగా ఉందని తెలిశాకే వేసుకో తాతా. వేసుకుని తినకుండా ఉన్నావంటే ప్రాణం మీదికొస్తుంది."

దానియేలుకి గడియారం లేదు. అన్నమ్మే అతని గడియారం. గంజి వార్చి గిన్నె దించగానే సందులోకి వచ్చి, "అన్నయ్యా, వేసుకో!" అని కేక పెట్టేది. అతను సూది వేసుకుని, చొక్కా తొడుక్కుని, గోడ పట్టుకుని నడిచి వచ్చేసరికి కూర దిగేది. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు.

ఆదివారం గంప తేలికవుతున్న సంగతి మొదట చేతికి తెలిసింది అన్నమ్మకి. ఒకప్పుడు ఇద్దరు పట్టి మోసే గంప ఒక్కతే ఎత్తగలిగింది. ఇళ్ళవాళ్ళు ఎగ్గొడుతున్నారా అంటే కాదు. సంచులు వస్తూనే ఉన్నాయి, అడుగున చారెడు బియ్యంతో. భక్తి తగ్గిందేమోనని బాధపడి, మేరీ వాళ్ళింటికి వెళ్ళింది.

మేరీ ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. చర్చిలో స్త్రీల సమాజం లెక్కలు చూసేది ఆ అమ్మాయే. భర్త క్రాంతి కుమార్ పోర్టు పనుల దగ్గర కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు. వాళ్ళ వంటింట్లో పొయ్యి మీద పేపరు పరిచి ఉంది. పేపరు మీద ఫోను ఛార్జర్లు. గట్టు మీద ప్లాస్టిక్ డబ్బాలు, తోమి, మూతలు విడిగా, కొత్తవాటిలా దొంతర పెట్టి ఉన్నాయి.

"పారెయ్యబుద్ధి కాలేదాంటీ," అంది మేరీ సిగ్గుపడుతూ. "మీకు కూరలు సర్దడానికి పనికొస్తాయని దాచాను."

"పొయ్యి ఎప్పుడు వెలిగించావమ్మా?"

"టీకి వెలిగిస్తామాంటీ. వంటంటే... పన్నెండు గంటలు నిలబడి వస్తాను. ఈయన వచ్చేసరికి ఎనిమిది. ఇద్దరికీ కూర, పప్పు, అన్నం అంటే గంటన్నర. ఫోన్లో నొక్కితే అరగంటలో గుమ్మంలోకి వస్తుంది. ఆఫర్లో నూట ఇరవైకి రెండు మీల్స్. కూరగాయల ధరలు చూశారుగా, వండుకున్నా అంతే అవుతుంది."

సోఫాలోంచి క్రాంతి నవ్వాడు. "అంతే అవుతుందంటుందాంటీ మీ అమ్మాయి. మొన్న నెలంతా కలిపి చూశాను. తిండికి తొమ్మిది వేల ఆరొందలు! మా అమ్మ ఆ డబ్బుతో ఆర్నెల్లు ఇల్లు నడిపేది."

"అయితే రేపటి నుంచి మీరు వండండి సార్."

"నేను వండితే నువ్వు మళ్ళీ ఫోన్లో నొక్కుతావే!"

ముగ్గురూ నవ్వారు. మేరీ గోడకున్న సంచి తీసి చూపించింది. అందులో గుప్పెడు కూడా లేవు. ఎగ్గొట్టిందేమీ లేదు, వండని ఇంట్లో బియ్యం కొలిచేదెప్పుడు? ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు చూసి అన్నమ్మ అడగాలనుకున్నవన్నీ మింగేసింది. "నువ్వు ముందు కూర్చో తల్లీ, పొద్దుట్నుంచి నిలబడే ఉన్నావ్," అని, తనే పొయ్యి మీది పేపరు తీసి, ముగ్గురికీ టీ పెట్టింది.

ఆ నెలలోనే సంఘ కమిటీ కూర్చుంది. కమిటీలో రాజీవ్ అనే కుర్రాడు ఉన్నాడు. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం, రోజూ వెళ్ళి వస్తుంటాడు. చిన్నప్పుడు దానియేలు రిక్షాలో ఎక్కినవాళ్ళలో అతనూ ఒకడు. దానియేలు కాలికి చెప్పులు లేవని చూసి ప్రత్యేకంగా కుట్టించి తెచ్చినవాడు. అతను కాగితం మీద వేసుకొచ్చాడు.

"అందరూ వినండి. బియ్యం ఒక్కటే ఉచితం. కట్టెలు, నూనె, కందిపప్పు, కూరలు సమాజం డబ్బుతోనే కొంటున్నాం. ఇప్పుడు బియ్యం కూడా కొనాల్సి వస్తోంది. అన్నమ్మాంటీ మోకాళ్ళు చూస్తే మనకే బాధగా ఉంటుంది. ఇరవై ఆరు ఇళ్ళు ఒప్పుకున్నాయి. నెలకి ఒక్కో ఇల్లు ఒక్కరోజు ఐదు మీల్స్ ఆర్డరు చేస్తే చాలు. ఆఫర్లో నాలుగొందల యాభై. నాలుగైదు రోజులు మిగిలితే నేను చూసుకుంటాను. ఆంటీకి విశ్రాంతి, తాతలకి వేడి భోజనం."

సత్యానందం అయ్యగారు అన్నమ్మ వైపు చూశారు. "నువ్వేమంటావమ్మా?"

అన్నమ్మకి గంపా గుర్తు రాలేదు, మోకాళ్ళూ గుర్తు రాలేదు. దానియేలు సూది గుర్తొచ్చింది. "టైముకి వస్తుందా బాబూ?" అంది.

"ముప్పై నిమిషాలాంటీ. బండి ఎక్కడుందో కూడా ఫోన్లో కనిపిస్తుంది."

ముప్పై నిమిషాలు. సూదికీ అన్నానికీ మధ్య ఉండవలసింది సరిగ్గా అదే కదా! దేవుడే కుదిర్చినట్టుందనుకుంది అన్నమ్మ. సరేనంది.

మొదటి నెల బాగానే గడిచింది. ఆ రోజు వంతువాళ్ళు అన్నమ్మకి ఫోన్ చేసి, "బుక్ చేశామాంటీ" అనేవాళ్ళు. అన్నమ్మ వెంటనే దానియేలు గది ముందుకెళ్ళి, "అన్నయ్యా, వేసుకో!" అని చెప్పి, సందు మొదట రోడ్డు మీదికి వెళ్ళి నిలబడేది. తెచ్చేవాళ్ళకి సందు దొరక్క అటూ ఇటూ తిరుగుతున్నారని మొదటి వారంలోనే గమనించింది. తను నిలబడితే ఐదు నిమిషాలు కలిసొస్తుంది.

చికెన్ బిర్యానీ వచ్చిన రోజు దానియేలు డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడు.

"చెల్లమ్మా, మా పెళ్ళిలో కూడా నాకింత ముక్క పడలేదే!"

"పెళ్ళికొడుకువి కదా అన్నయ్యా, సిగ్గుపడి తినలేదేమో."

"సిగ్గా! మా బావమరిది పంచాడు, వాడి చెయ్యి నీకు తెలీదు."

కనకమహాలక్ష్మి మాత్రం మూతి తిప్పింది. "ఇది కూరా, నూనె డబ్బానా? ఈ డబ్బులు నీ చేతికిస్తే నాలుగు రోజులు కడుపు నిండా పెట్టేదానివే అన్నమ్మా. చదువుకున్నోళ్ళ లెక్కలు మనకెందుకులే."

ఆవిడ నూనె గురించి అన్న మాట నిజమని ఆసుపత్రిలో తేలింది. రెండో నెల పరీక్షలో దానియేలు షుగరు బాగా పెరిగింది. ఏం తింటున్నావని డాక్టరు అడిగితే, గొప్పగా బిర్యానీలూ ఫ్రైడ్ రైసులూ చెప్పాడు. డాక్టరు మందలించి, ఆరు యూనిట్లు పెంచి రాశారు. నర్సమ్మ సూది మీద కొత్త గీత చూపించింది. అన్నమ్మ ఆ గీత దగ్గర గోళ్ళ రంగుతో గుర్తు పెట్టి ఇచ్చింది.

మూడో నెలకి ఆఫరు పోయింది. భోజనం ధర పెరిగింది. డబ్బాలకి వేరే, తెచ్చినందుకు వేరే, యాప్ వాళ్ళ ఫీజు వేరే, వాన పడితే వానకి కూడా వేరే. ఐదు భోజనాలు ఏడొందల ముప్పై దాటాయి. ఆ డబ్బుతో చిన్న కుటుంబం వారం బియ్యం కొనుక్కోవచ్చని ఇల్లాళ్ళకి తెలుసు, కానీ ఒప్పుకున్నాక కాదనడానికి మొహమాటం. ఒకరు ఊరెళ్ళామనేవాళ్ళు, ఒకరు ఫోన్ పాడైందనేవాళ్ళు. ఇరవై ఆరు ఇళ్ళు పద్నాలుగయ్యాయి. రాజీవ్ తన జీతంలోంచి వారానికి రెండు రోజులు కట్టేవాడు, ఎవరికీ చెప్పకుండా. ఎవరూ బుక్ చెయ్యని రోజు అన్నమ్మ తన రేషన్ బియ్యం వండి పెట్టేది. మోకాళ్ళ గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు. పొయ్యి మళ్ళీ వెలిగిద్దామని కమిటీకి చెప్పాలని రెండు ఆదివారాలు అనుకుంది. రాజీవ్ ముఖం చూసి, మంచి మనసుతో చేసినవాడిని పదిమందిలో చిన్నబుచ్చడం ఎందుకని వాయిదా వేసింది.

నవంబరులో వాయుగుండం పట్టింది. సోమవారం సాయంత్రం మొదలైన వాన మంగళవారం మధ్యాహ్నానికి కూడా తెరిపి ఇవ్వలేదు. ఆ రోజు వంతు మేరీది. పన్నెండు దాటి ఐదు నిమిషాలకి ఫోన్ చేసింది.

"బుక్ చేశానాంటీ. వెజ్ మీల్స్. దానియేలు తాతకి నూనె తగ్గించమని కూడా రాశాను. నాకు లోపల పనుంది, ఫోన్ లాకర్లో పెట్టేస్తున్నాను."

"మంచిదమ్మా. నువ్వు తిన్నావా?"

"తింటాలెండి."

అన్నమ్మ గోనెపట్టా నెత్తిన వేసుకుని దానియేలు గదికి వెళ్ళింది. అతను పొద్దున టీ తప్ప ఏమీ తీసుకోలేదు; వానకి బన్ను కొట్టు తియ్యలేదు.

"అన్నయ్యా, వేసుకో. ఇవాళ పప్పన్నం."

"హమ్మయ్య. ఆ బిర్యానీలతో నాలుక మొద్దుబారిపోయింది," అంటూ సీసా అందుకున్నాడు దానియేలు. సూది దించి, దూదితో ఒత్తుకుని, "వానలో నువ్వెందుకే నిలబడ్డం, వాళ్ళే వస్తారులే," అన్నాడు.

"సందు తెలీక వెనక్కి పోతారన్నయ్యా," అని వెళ్ళింది అన్నమ్మ.

రోడ్డు మీద నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. మూసిన కొట్టు అరుగు మీద నిలబడి, వచ్చే ప్రతి బండినీ చూసింది. రోజూ ఆలస్యమైతే పదో పదిహేనో నిమిషాలు. వాన కదా, ఇంకో పది నిమిషాలు అవుతుందనుకుంది. మేరీకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రాజీవ్‌కి చేసింది, కలవలేదు. వెళ్ళి చూసొద్దామా అనుకుంది. వెళ్ళిన నిమిషంలోనే బండి వచ్చి, మనిషి కనపడక వెనక్కి పోతే? అలా అనుకుంటూ, ప్రభువా త్వరగా పంపు తండ్రీ అని వేడుకుంటూ, గంటకి పైగా నిలబడింది.

ఇంట్లో గిన్నెలో పొద్దున తన కోసం వండుకున్న అన్నం ఉంది. దానియేలు గదికి పాతిక అడుగుల దూరంలో. అది ఆమెకి గుర్తు రాలేదు. అన్నం దారిలో ఉందని నమ్మినవాళ్ళకి ఇంట్లో అన్నం గుర్తొస్తుందా!

ఎర్ర కోటు వేసుకున్న ఒక బండి మనిషి వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. అన్నమ్మ నీళ్ళలోకి దిగి చెయ్యి అడ్డం పెట్టింది.

"మేరీ పేరు మీద ఐదు మీల్సు మావేనయ్యా."

"ఇది ఈడేపల్లి వెళ్ళేదమ్మా. మీరెప్పుడు పెట్టారు?"

"పన్నెండింటికి."

అతను బండి ఆపి కోటు టోపీ వెనక్కి లాక్కున్నాడు. "పన్నెండింటికా! అమ్మా, ఈ వానకి మా వాళ్ళు సగం మంది ఆపేసుకున్నారు. ఎవరూ తీసుకుని ఉండరు. ఈపాటికి క్యాన్సిల్ అయిపోయి ఉంటుంది. మీరు ఇంటికెళ్ళిపోండి."

"క్యాన్సిలంటే? ఇంక రాదా?"

"రాదమ్మా."

అతను అన్నమ్మ ముఖం చూశాడు. వెనక కూర్చోమన్నాడు. తన గిరాకీ ఆలస్యమవుతుందని తెలిసీ, ఆ నీళ్ళలో సందు సగం దాకా తోలి, ఇక బండి పోదంటే చెయ్యి పట్టి దించాడు.

దానియేలు మంచం మీద పక్కకి వాలి ఉన్నాడు. వానలో తడిసినట్టు చొక్కా అంతా చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అన్నమ్మని చూడటం లేదు. "తప్పుకోండి... పిల్లలున్నారు, తప్పుకోండి," అంటున్నాడు. చేతులు రెండూ గాలిలో రిక్షా హ్యాండిల్ పట్టుకున్నట్టు వణుకుతున్నాయి. అన్నమ్మ పరుగున వెళ్ళి పంచదార తెచ్చి నీళ్ళలో కలిపి నోట్లో పోసింది. పెదవి చివర నుంచి కారిపోయింది. వేలితో చిగుళ్ళకి రాసింది. అప్పటికే అతని మాట ఆగిపోయింది.

కేకలకి పరుగెత్తుకొచ్చిన అబ్బులూ, వెనకే వచ్చిన బండి మనిషీ అతన్ని మోశారు. పేటలోనే ఆటో తోలే సత్తిబాబు, నీళ్ళలో ఇంజను ఆరిపోతుందని తెలిసినా సందు మొదటికి వచ్చాడు. "డబ్బుల మాటెత్తకు పిన్నీ, తల పట్టుకో," అన్నాడు. ఆసుపత్రిలో వెంటనే గ్లూకోజు ఎక్కించారు. వాళ్ళు చెయ్యవలసిందంతా చేశారు. దానియేలు కళ్ళు తెరవలేదు. గురువారం మధ్యాహ్నం రెండింటికి, వెలిసిన వాన తర్వాత కాసిన ఎండలో, పోయాడు.

సమాధి తోటలో అంతా అయ్యాక మేరీ అన్నమ్మ ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"రెండింటికి లాకరు తీసి చూశానాంటీ. పన్నెండూ యాభైకే క్యాన్సిలని వచ్చి ఉంది. నేను ఫోన్ దగ్గర పెట్టుకునుంటే..." ఫోను తీసి చూపించింది. "డబ్బులు వెనక్కి వేశారు," అంది. "ఏడొందల ముప్పై నాలుగు. క్షమించండి అని రాశారు. వాటిని ఏం చెయ్యాలాంటీ? ఫోన్ తీస్తే అవే కనిపిస్తున్నాయి."

అన్నమ్మ లేచి వెళ్ళి ఆ అమ్మాయిని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. తల నిమిరింది. నీ తప్పు కాదని చెప్పింది. అది నిజంగానే అంది. సూది వేసుకోమన్నది ఎవరో ఆమెకి తెలుసు.

ఆదివారం ఆరాధనలో, పోయినవాడి గురించి మాట్లాడదలచినవాళ్ళు మాట్లాడవచ్చన్నారు అయ్యగారు. రాజీవ్ లేచి, తన చిన్నతనంలో వానొస్తే దానియేలు తన చొక్కా విప్పి పిల్లల పుస్తకాల మీద కప్పేవాడని చెప్పి కూర్చున్నాడు. ఇంకెవరో పెద్దాయన, ప్రభువు పిలిచాడు, వెళ్ళాడు, ఆయన చిత్తం అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

అన్నమ్మ లేచి నిలబడింది. తొమ్మిదేళ్ళలో ఆమె ఆ చర్చిలో నోరు విప్పి మాట్లాడింది లేదు.

"ప్రభువు మీద పెట్టకండి," అంది. "సూది వేసుకోమన్నది నేను. అన్నం సిద్ధంగా ఉందని తెలిశాకే చెప్పాలి. తొమ్మిదేళ్ళూ గంజి వార్చాకే చెప్పాను. ఆ రోజు అన్నం చూడకుండానే చెప్పాను. ఫోన్లో విన్నది వండేసినట్టే అనుకున్నాను. ఆకలితో ఉన్న మనిషికి సూది వేయించి, నేను రోడ్డు మీద నిలబడ్డాను. పొయ్యి వెలిగిద్దామని మీకు చెప్పాలని కూడా అనుకున్నాను. మొహమాటపడ్డాను. నా చేతితో ఇంక ఎవరికీ వండను. నాకు ఆ యోగ్యత లేదు. నా కోసం ప్రార్థన చెయ్యండి."

రాజీవ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. ఆ తర్వాత ప్రార్థనకి అందరినీ మోకరించమన్నారు.

సోమవారం ఎవరూ ఏదీ బుక్ చెయ్యలేదు. ఇకమీద ఎలాగన్నది ఎవరికీ తోచలేదు. అన్నమ్మ ఇంట్లోనే తలుపు వేసుకుని పడుకుంది. పదకొండింటికి తలుపు చప్పుడైంది. తీస్తే కనకమహాలక్ష్మి. వాచిన కాళ్ళతో సందు పొడుగునా నడిచి వచ్చి, మెట్టు మీద కూలబడి రొప్పుతోంది. వెనక అబ్బులు, అతని భుజం పట్టుకుని భార్య.

"రాత్రి నుంచి ఏమీ తినలేదే," అంది కనకమహాలక్ష్మి.

"నేను వండనని చెప్పాను కదండీ."

"చెప్పావంట. మీ గుడిలో ఏం చెప్పుకున్నావో నాకు తెలీదు. నేను లేను అక్కడ. వండకపోతే అతను తిరిగొస్తాడా? మేమూ పోతాం, అంతే. ఏడవాలనుంటే పొయ్యి దగ్గర కూర్చుని ఏడువు. పొగ కూడా కలిసొస్తుంది."

అబ్బులు భార్య చూపులేని ముఖం గొంతు వచ్చిన వైపు తిప్పి, మెల్లగా అంది. "ఏదో ఒకటి పెట్టమ్మా. కూర లేకపోయినా పర్లేదు."

అన్నమ్మ లోపలికి వెళ్ళింది. డబ్బాలో రేషన్ బియ్యం సోలెడు ఉన్నాయి. కడిగి పొయ్యి మీద పెట్టింది. మేరీ డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. వచ్చి, ఏమీ అడక్కుండా ఉల్లిపాయలు తీసుకుని మెట్టు మీద కూర్చుని కొయ్యడం మొదలుపెట్టింది. చాలా నెలలైందేమో, ముక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నంగా వచ్చాయి.

అన్నం, ఉల్లిపాయ పులుసు. అబ్బులు భార్యకి ముద్దలు కలిపి పెట్టాడు. కనకమహాలక్ష్మి మారు అడిగి వేయించుకుంది. అన్నమ్మ మాత్రం తినలేదు. గిన్నెలో అన్నం మిగిలి ఉన్నా, నువ్వూ తిను అని మేరీతో కలిపి ఆ నలుగురిలో ఒక్కరూ బలవంతపెట్టలేదు. అబ్బులు అన్నమ్మకని ఆ గిన్నె మీద మూత పెట్టి, చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో దించి, భార్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.